మేయర్ చేతిలో నిజంగా ఏముంది?

నగరాల పాలన మీద సందేహాలుంటే రాయమని అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే బాధ: ఓటు ఒకరికి వేస్తున్నాం, నిర్ణయం ఇంకెవరో తీసుకుంటున్నారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ విషయానికే. ఉత్తరాలు పెద్దవిగా ఉన్నాయి కాబట్టి ప్రశ్నలను కాస్త కుదించాం.

ప్రశ్న: ఏది అడిగినా మేయర్లు “అది మా పరిధిలో లేదు, పైనుంచి రావాలి” అంటారు. ఇది నిజమా, లేక తప్పించుకోవడానికి చెప్పే సాకా? (ఒక పాఠకురాలు)

సాకుగా వాడుకునే వాళ్లు ఉన్నారు, కాదనను. కానీ మీరు అనుకునేదాని కంటే చాలా ఎక్కువసార్లు అది నిజమే. ఒక్క ఉదాహరణ వివరంగా చెబుతాను, మీకే అర్థమవుతుంది.

న్యూయార్క్ నగరాన్నే తీసుకోండి. 80 లక్షలకు పైగా జనం, సొంత పోలీసు శాఖ, కొన్ని దేశాల బడ్జెట్‌ని మించిన బడ్జెట్. అంతటి నగరం కూడా బడి ముందు స్పీడ్ కెమెరా పెట్టి అతివేగానికి జరిమానా వేయాలంటే రాష్ట్ర రాజధాని ఆల్బనీ అనుమతి తెచ్చుకోవాలి. ఆల్బనీ అక్కడికి దాదాపు 240 కిలోమీటర్ల దూరం. 2013లో రాష్ట్రం ముందు 20 కెమెరాలకు ఒప్పుకుంది, మరుసటి ఏడాది 140 స్కూల్ జోన్లకు పెంచింది, అదీ గడువు పెట్టి. ఆ గడువు 2018 జులై 25న అయిపోయింది. పొడిగించే బిల్లును ఓటింగ్‌కి పెట్టకుండానే రాష్ట్ర సెనేట్ సమావేశాలు ముగించుకుంది. కెమెరాలు కావాలని మేయర్ అంటున్నారు, కౌన్సిల్ అంటోంది, రోడ్డు ప్రమాదాల్లో తమవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు వీధిలో నిలబడి అడుగుతున్నాయి. స్తంభం మీద కెమెరా ఉంది, దాని కింద రోడ్డు నగరానిదే, అయినా చలానా పంపే హక్కు లేకుండా పోయింది. చివరికి బడులు తెరిచే సమయానికి గవర్నర్ అత్యవసర ఉత్తర్వు ఇస్తే, దాన్ని పట్టుకుని సిటీ కౌన్సిల్ హడావుడిగా ఒక స్థానిక చట్టం చేసి కెమెరాలను మళ్లీ నడిపించింది. ఆ తర్వాత కూడా అవి రాత్రిళ్లు, శని ఆదివారాలు పనిచేయడానికి 2022 ఆగస్టు దాకా ఆగాల్సి వచ్చింది, ఎందుకంటే ఏయే గంటల్లో పనిచేయాలో కూడా రాష్ట్ర చట్టంలోనే రాసి ఉంది.

అదే నగరంలో రద్దీగా ఉండే ప్రాంతంలోకి వచ్చే వాహనాల మీద రుసుము పెట్టాలన్న ఆలోచన 2008లో రాష్ట్ర అసెంబ్లీలో ఓటింగ్ దాకా కూడా రాకుండా ఆగిపోయింది. 2019లో రాష్ట్రం ఒప్పుకుంది, తర్వాత ఫెడరల్ (అంటే కేంద్ర) ప్రభుత్వ ఆమోదం కోసం ఏళ్లు గడిచాయి, 2024 జూన్‌లో ఇక మొదలవుతుందనగా గవర్నర్ ఆపేశారు, 2025 జనవరి 5న మొదలైంది. పదిహేడేళ్లు! ఈ మధ్యలో నగరానికి మేయర్లు మారిపోతూ వచ్చారు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న మనిషి మాత్రం ప్రతిసారీ మేయర్‌నే తిట్టుకున్నాడు.

ప్రశ్న: ఫెడరలిజం అంటే అధికారాన్ని కింది స్థాయికి పంచడమే అని చదువుకున్నాం. మరి అన్నిటికంటే కింద, జనానికి దగ్గరగా ఉన్న నగరానికి అన్నిటికంటే తక్కువ ఎందుకు దక్కింది? (ఒక డిగ్రీ విద్యార్థి)

మంచి ప్రశ్న అడిగావు బాబూ. పాఠ్యపుస్తకాల్లో ఈ ఒక్క సంగతి జారిపోతుంది. ఫెడరలిజం అనేది కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య కుదిరిన ఒప్పందం. ఆస్తి పంపకాల కాగితం మీద ఇద్దరు అన్నదమ్ములు సంతకం పెట్టారనుకో, వాళ్ల పిల్లల పేర్లు అందులో ఉండవు. నగరం పరిస్థితి అదే. పంపకం జరిగినప్పుడు అది అక్కడ లేదు.

అమెరికా రాజ్యాంగంలో నగరం అన్న మాటకు చోటు లేదు. 1791లో వచ్చిన పదో సవరణ, కేంద్రానికి ఇవ్వని అధికారాలు రాష్ట్రాలకూ ప్రజలకూ చెందుతాయని చెప్పి ఊరుకుంది. 1868లో అయోవా రాష్ట్ర న్యాయమూర్తి జాన్ డిల్లన్ దాన్ని ఇంకా బిగించారు. నగరానికి రాష్ట్రం స్పష్టంగా ఇచ్చిన అధికారాలు, వాటికి తప్పనిసరిగా తోడు రావాల్సినవి, ఇంతే ఉంటాయి, అనుమానం వస్తే లేనట్టే లెక్క. దీన్నే డిల్లన్ సూత్రం అంటారు. దీనికి ఎదురుగా 1875లో మిస్సోరి రాష్ట్రం తన రాజ్యాంగంలో ‘హోమ్ రూల్’ పెట్టింది. సొంత చార్టర్, అంటే తన పాలనా నియమావళి, రాసుకునే వీలు నగరానికి ఇవ్వడం అన్నమాట. తర్వాత చాలా రాష్ట్రాలు ఆ దారిలో నడిచాయి. కానీ హోమ్ రూల్ ఉన్న చోట కూడా, ఫలానా విషయంలో నగరాలు చట్టం చేయకూడదని రాష్ట్రం ఒక్క చట్టం చేస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

1907 నాటి కేసు ఒకటి ఉంది, అది చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. పిట్స్‌బర్గ్ పక్కన అలిఘేనీ అని విడిగా ఒక నగరం ఉండేది. రెండూ కలపాలా వద్దా అని ఓటింగ్ పెట్టారు. అలిఘేనీ జనంలో ఎక్కువమంది వద్దన్నారు. కానీ రాష్ట్ర చట్టం ప్రకారం రెండు నగరాల ఓట్లనూ కలిపి లెక్కపెట్టారు, పెద్ద నగరం ఓట్లు ఎక్కువ కాబట్టి విలీనం గెలిచింది. సుప్రీంకోర్టుకు వెళితే, నగరం రాష్ట్రం సృష్టించుకున్న ఏర్పాటు, రాష్ట్రం దాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు, రద్దు కూడా చేయవచ్చు అని తేల్చారు. అలిఘేనీ అన్న నగరం అంతటితో లేకుండా పోయింది.

ఇది పాతకాలం ముచ్చట అనుకోవద్దు. కెనడాలో 1867 నాటి రాజ్యాంగ చట్టం మున్సిపాలిటీలను ప్రావిన్సుల (అంటే అక్కడి రాష్ట్రాల) ఖాతాలో రాసింది. 2018లో టొరంటోలో ఏం జరిగిందో చూడు. 47 వార్డుల లెక్కన మే 1 నుంచి నామినేషన్లు తీసుకుంటున్నారు. అభ్యర్థులు ఇల్లిల్లూ తిరుగుతున్నారు, కరపత్రాలు పంచుతున్నారు. నామినేషన్లకు చివరి రోజైన జులై 27న, వార్డులను 25కి తగ్గిస్తున్నామని ఒంటారియో ప్రావిన్స్ ప్రకటించింది. ఆగస్టులో చట్టం అయిపోయింది, అక్టోబర్ 22న పోలింగ్. తను పోటీ చేస్తున్న వార్డు ఎన్నికల మధ్యలో మాయమైతే ఆ అభ్యర్థి పరిస్థితి ఎలా ఉంటుంది! కేసు పైదాకా వెళ్లింది. 2021 అక్టోబర్ 1న కెనడా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ప్రావిన్స్‌కి ఆ అధికారం ఉందని చెప్పింది. అధికారం ఉంది, నిజమే. ఆట మధ్యలో గీతలు మార్చడం మాత్రం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకు తప్పో చెప్పడానికి చట్టం అక్కర్లేదు, ఓటు వేయబోతున్న ఏ మనిషిని అడిగినా చెబుతాడు.

ఆస్ట్రేలియాలో అయితే స్థానిక ప్రభుత్వాలకు రాజ్యాంగంలో చోటివ్వాలని 1974లో, 1988లో రెండుసార్లు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. రెండుసార్లూ ఓడిపోయింది.

ప్రశ్న: అలా అయితే నగరం పేరు రాజ్యాంగంలో రాసేస్తే సరిపోతుంది కదా? (ఒక రిటైర్డ్ ఉద్యోగి)

రాస్తే మేలే సార్. కానీ ఎలా రాశారన్నది చాలా ముఖ్యం.

భారత రాజ్యాంగం 74వ సవరణ ఇందుకు మంచి పాఠం. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. అయిదేళ్లకోసారి ఎన్నికలు, రాష్ట్ర ఎన్నికల సంఘం, రాష్ట్ర ఆర్థిక సంఘం, పన్నెండో షెడ్యూల్‌లో 18 అంశాల జాబితా, అన్నీ ఉన్నాయి. జాబితా చూస్తే పట్టణ ప్రణాళిక, నీళ్లు, రోడ్లు, మురికివాడల అభివృద్ధి, నగరానికి ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ అసలు తాళం 243డబ్ల్యూ అధికరణంలో ఉంది. ఈ అధికారాలను రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా మున్సిపాలిటీలకు “ఇవ్వవచ్చు” అంటుంది, “ఇవ్వాలి” అనదు. ఆ ఒక్క క్రియాపదం దగ్గరే బండి ఆగింది. స్థానిక పాలన రాష్ట్ర జాబితాలోనే ఉంది కాబట్టి ఇచ్చేదీ ఆపేదీ రాష్ట్రమే. చాలా నగరాల్లో మంచినీళ్లు ఒక బోర్డు చేతిలో, కొత్త లేఅవుట్లు ఒక అభివృద్ధి సంస్థ చేతిలో ఉంటాయి, అవి రాష్ట్రానికి జవాబు చెబుతాయి. కార్పొరేషన్‌లో రోజువారీ అధికారం రాష్ట్రం పంపిన కమిషనర్‌ది, సభకు అధ్యక్షత వహించేది మేయర్. జనానికి ముఖం తెలిసినది మేయర్‌ది, ఫైలు నడిచేది కమిషనర్ దగ్గర.

బ్రెజిల్ 1988లో ఇంకో రకంగా రాసుకుంది. సమాఖ్యలో యూనియన్, రాష్ట్రాలు, ఫెడరల్ జిల్లా, వాటితో సమానంగా మున్సిపాలిటీలు కూడా భాగస్వాములే అంది. 5,500కు పైగా మున్సిపాలిటీలకు స్థానిక విషయాల్లో సొంతంగా చట్టం చేసే హక్కు రాజ్యాంగం నుంచే వచ్చింది. 2006లో సావో పాలో నగరం హోర్డింగులన్నీ తీసేయాలని చట్టం చేసి, మరుసటి ఏడాది నిజంగానే తీయించింది, అంతటి మహానగరం గోడలు బయటపడ్డాయి. అయితే హక్కుతో పాటు డబ్బు రాదు. చిన్న మున్సిపాలిటీలు అక్కడ కూడా పైనుంచి వచ్చే వాటా మీదే బతుకుతున్నాయి.

నన్నడిగితే జర్మనీ వాళ్లు కాస్త జాగ్రత్తగా రాసుకున్నారు. 28వ అధికరణం స్థానిక విషయాలను చట్టాలకు లోబడి తమ బాధ్యత మీద నడుపుకునే హక్కు ఇస్తే, ఇంకోచోట ఆదాయపు పన్నులో వాటా కూడా రాజ్యాంగంలోనే పెట్టారు. అయినా అక్కడి నగరాలకూ పేచీలున్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ప్రశ్న: నగరాన్నే ఒక రాష్ట్రం చేసేస్తే ఈ తలనొప్పి ఉండదు కదా? (ఒక పాఠకుడు)

రెండు నగరాలు చెబుతాను. ఒకటి ఆశ కలిగిస్తుంది, ఒకటి హెచ్చరిస్తుంది.

వియన్నా 1922 జనవరి 1 నుంచి ఆస్ట్రియాలో పూర్తిగా విడి రాష్ట్రమైంది. అప్పుడు యుద్ధం దెబ్బకు జనం ఇళ్లు లేక ఇరుకు గదుల్లో కుక్కుకుని ఉన్నారు. రాష్ట్రం అయితే ఏమొచ్చింది? పన్ను వేసే అధికారం వచ్చింది. ఆర్థిక వ్యవహారాలు చూసిన హ్యూగో బ్రైట్నర్ 1923లో ఇళ్ల పన్ను పెట్టారు, చిన్న ఇంటికి కొంచెం, విలాసంగా ఉండేవాళ్లకు బాగా ఎక్కువ. ఆ డబ్బు ఇళ్లు కట్టడానికే. 1934 నాటికి నగరం 60,000కు పైగా ఇళ్లు కట్టింది. ఇప్పటికీ అక్కడ మున్సిపల్ ఇళ్లు దాదాపు 2,20,000 ఉన్నాయి. కౌన్సిల్‌లో మంచి మనసు మాత్రమే ఉండి, పన్ను వేసే హక్కు లేకపోతే ఇందులో ఒక్క ఇల్లు కూడా లేచేది కాదు. నగరాలకు స్వేచ్ఛ ఎందుకని ఎవరన్నా అడిగితే నేను చూపించేది వియన్నానే.

ఇక బెర్లిన్. అదీ నగరమే, రాష్ట్రమే. 2020 ఫిబ్రవరిలో దాదాపు 15 లక్షల ఇళ్ల అద్దెలను కదలకుండా కట్టేస్తూ చట్టం చేసింది. అద్దెలు తగ్గినవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. 2021 ఏప్రిల్ 15న ఫెడరల్ రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు బయటికొచ్చింది: అద్దెల మీద ఫెడరల్ చట్టం ముందే పూర్తిగా ఉంది, అందులో రాష్ట్రానికి చోటు లేదు, చట్టం చెల్లదు. చెల్లదంటే మొదటి నుంచీ చెల్లనట్టే, కాబట్టి అన్ని నెలలూ మిగిలిందనుకున్న తేడా డబ్బును అద్దెకున్నవాళ్లు తిరిగి కట్టాల్సి వచ్చింది. ఖర్చయిపోయిన డబ్బుకి బిల్లు వస్తే ఆ టెన్షన్ ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. నగరం ఒక మెట్టు పైకెక్కినా ఇంకో మెట్టు దాని పైన ఉంటుంది. చట్టం చేసేముందు ఆ మెట్టు ఎక్కడుందో సరిగ్గా చూసుకోకపోతే, నష్టపోయేది నాయకులు కాదు, నమ్ముకున్న జనం.

ప్రశ్న: అధికారాల సంగతి సరే, అసలు సమస్య డబ్బు కాదా? (ఒక చిన్న వ్యాపారి)

అవునండీ, డబ్బే. పన్నుల్లో బాగా పెరిగేవి, అంటే ఆదాయం మీద, అమ్మకాల మీద వేసేవి, చాలాచోట్ల పైవాళ్ల దగ్గరే ఉంటాయి. నగరానికి ఆస్తి పన్ను మిగులుతుంది, దానికీ పైనుంచి పరిమితులు. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి ఆస్తి పన్నును విలువలో ఒక శాతానికి కట్టేశారు, అప్పటినుంచి అక్కడి ప్రతి నగరం ఆ గీతలోనే బతుకుతోంది. మన దేశంలో 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ముంబయి కార్పొరేషన్‌కి పెద్ద ఆదాయంగా ఉన్న ఆక్ట్రాయ్ (నగరంలోకి వచ్చే సరుకు మీద వేసే పన్ను) పోయింది, దాని బదులు రాష్ట్రం పరిహారం ఇస్తోంది. ఆక్ట్రాయ్ మంచి పన్ను అని నేను అనను, నాకాల దగ్గర లారీలను ఆపే పన్ను ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ సొంతంగా వసూలు చేసుకునే డబ్బుకీ, చెయ్యి చాపి తీసుకునే డబ్బుకీ చాలా తేడా ఉంది.

డబ్బు లేని నగరాన్ని రాష్ట్రం చేతిలోకి తీసుకుంటే ఏమవుతుందో తెలియాలంటే మిషిగన్‌లోని ఫ్లింట్ చూడాలి. కార్ల ఫ్యాక్టరీలు తగ్గిపోయి నగరం అప్పుల్లో పడింది. 2011 చివర్లో రాష్ట్రం ఎమర్జెన్సీ మేనేజర్‌ని పెట్టింది, ఎన్నికైన మేయర్, కౌన్సిల్ ఉన్నా సంతకం ఆయనదే. అలాంటి మేనేజర్‌ని పెట్టే వీలిచ్చిన చట్టాన్ని 2012 నవంబర్‌లో రాష్ట్ర ఓటర్లే రద్దు చేస్తే, డిసెంబర్‌లో శాసనసభ అలాంటిదే ఇంకోటి తెచ్చింది. ఖర్చు తగ్గించుకోవడానికి 2014 ఏప్రిల్‌లో డెట్రాయిట్ నుంచి కొనే నీళ్లు ఆపి ఫ్లింట్ నది నీళ్లు ఇచ్చారు. ఆ రోజు మీట నొక్కింది మేయరే, ఫొటోలో గ్లాసు ఎత్తి పట్టుకుని కనిపించేదీ ఆయనే. పైపులు తినేయకుండా నీళ్లలో కలపాల్సిన రసాయనం కలపలేదు, పాత పైపుల్లోని సీసం నీళ్లలోకి దిగింది. రంగు మారిన నీళ్లను సీసాల్లో పట్టుకుని తల్లులు సమావేశాలకు వచ్చారు. 2015 మార్చిలో కౌన్సిల్ 7-1 ఓట్లతో డెట్రాయిట్ నీళ్లకు తిరిగి వెళ్దామని తీర్మానించింది. ఎమర్జెన్సీ మేనేజర్ ఆ తీర్మానాన్ని పక్కన పెట్టారు. అక్టోబర్‌లో గానీ నీళ్లు మారలేదు. ఆ ఏడు నెలలూ పిల్లలు అవే నీళ్లు తాగారు.

జనం ఎన్నుకున్నవాళ్లు సరైన నిర్ణయమే తీసుకున్నారు, కానీ ఆ నిర్ణయానికి విలువ లేదు. అధికారం తీసుకున్నవాడే బాధ్యత కూడా తీసుకోవాలి అని నేను అనేది ఇందుకే.

ప్రశ్న: మీరు నగరాల పక్షమే మాట్లాడుతున్నారు. పగ్గం లేకపోతే డబ్బున్న కాలనీలు పేదవాళ్లను అడుగు పెట్టనివ్వవు. రాష్ట్రం అడ్డుకోవడం తప్పెలా అవుతుంది? (ఒక న్యాయవాది)

మీరన్నది ఒప్పుకుంటున్నాను. ఒక నగరం తన నేలలో చాలా భాగం ఒక్కో స్థలంలో ఒక్క ఇల్లే కట్టాలని నిబంధన పెట్టుకుంటే, అక్కడ ఉద్యోగం చేసేవాడు రోజూ గంటల ప్రయాణం దూరం నుంచి రావాలి. వాడికి ఆ నగరంలో ఓటు లేదు. వాడి తరఫున మాట్లాడగలిగేది పై ప్రభుత్వమే. 2019లో ఆరెగాన్, 2021లో కాలిఫోర్నియా రాష్ట్రాలు అలాంటి నిబంధనలను దాటి, ఒక ఇంటి స్థలంలో రెండు ఇళ్లు కట్టుకునే వీలు కల్పించాయి. నగరాలు గోల చేశాయి. నేను రాష్ట్రాల పక్షమే.

నేను చూసేది ఒక్కటే, ఆ నిర్ణయం భారం ఎవరి మీద పడుతోంది? ఓటు లేని బయటివాళ్ల మీద పడుతుంటే, లేదా ఎవరి ప్రాథమిక హక్కునో తొక్కుతుంటే, పైవాళ్లు రావాలి. భారం, లాభం రెండూ ఆ ఊరివాళ్లవే అయితే, వాళ్ల తప్పులు వాళ్లను చేసుకోనివ్వాలి. 2014లో టెక్సస్‌లోని డెంటన్ నగర ఓటర్లు తమ హద్దుల్లో ఫ్రాకింగ్ (నేల లోతుల్లో రాళ్లను పగలగొట్టి గ్యాస్, చమురు తీయడం) వద్దని ఓటేశారు, ఇళ్ల పక్కన డ్రిల్లింగ్ భరించేది వాళ్లే. మరుసటి ఏడాదే రాష్ట్రం చట్టం చేసి ఆ నిషేధాన్ని పనికిరాకుండా చేసింది. ఇంధనం అందరికీ కావాలి కదా అని మీరు వాదించవచ్చు, ఆ వాదనలో బలం లేకపోలేదు. కానీ భరించే వాళ్లకు ఏమిస్తారన్న ప్రశ్నకు ఆ చట్టంలో నాకు జవాబు దొరకలేదు.

ప్రశ్న: చివరికి పైవాళ్లే గెలుస్తారంటే నగరంలో పోరాడి ఏం లాభం? (ఇద్దరు ముగ్గురు పాఠకులు ఇదే రాశారు)

ఎప్పుడూ పైవాళ్లే గెలవరు. ఒక్కసారి ఓడిపోవడంతో అయిపోదు కూడా.

జర్మనీలో కాసెల్ నగరం వాడి పారేసే కప్పులు, ప్లేట్ల మీద పన్ను వేస్తే, అది ఫెడరల్ వ్యర్థాల చట్టం పద్ధతికి విరుద్ధమని 1998లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఇరవై ఏళ్లకు పైగా ఎవరూ ఆ జోలికి పెద్దగా పోలేదు. 2022 జనవరి నుంచి ట్యూబింగెన్ అనే చిన్న విశ్వవిద్యాలయ నగరం మళ్లీ అదే పన్ను పెట్టింది, కప్పుకి 50 సెంట్లు. కేసు పడింది, ఒక కోర్టులో ఓడింది, వదల్లేదు. 2025 జనవరిలో అదే రాజ్యాంగ న్యాయస్థానం ఆ పన్ను చెల్లుతుందని చెప్పింది. మధ్యలో ఫెడరల్ చట్టాలు మారాయి, నగరం ఆ మార్పును గమనించి ఉంది. అక్కడే ఇంకో పోరాటం: ఊళ్లో రోడ్ల మీద వేగాన్ని 30కి తగ్గించుకునే స్వేచ్ఛ కావాలని 2021లో ఏడు నగరాలు కలిసి అడిగాయి, వెయ్యికి పైగా ఊళ్లు చేరాయి, 2024లో ఫెడరల్ రోడ్డు రవాణా చట్టం కొంత సడలింది. అడిగినంతా రాలేదు, కొంత వచ్చింది.

మిస్సోరిలోని సెయింట్ లూయీ సంగతి కూడా చెబుతాను. 2017 మేలో అక్కడ కనీస వేతనం గంటకు 10 డాలర్లయింది. రాష్ట్రం ఊరుకోలేదు, రాష్ట్ర రేటు కంటే నగరాలు ఎక్కువ పెట్టకూడదని చట్టం చేసింది, ఆగస్టు 28 నుంచి కనీస వేతనం మళ్లీ 7.70 డాలర్లకు పడిపోయింది. మూడు నెలలకు పైగా పది డాలర్లు తీసుకున్న మనిషికి, అదే పని చేస్తూ, రెండు డాలర్ల పైన తగ్గించవచ్చని యజమానికి చట్టమే చెప్పింది. అక్కడివాళ్లు ఏం చేశారంటే, నగరం వదిలి రాష్ట్రం మొత్తం తిరిగి సంతకాలు సేకరించారు. 2018 నవంబర్‌లో ప్రశ్న నేరుగా రాష్ట్ర ఓటర్ల ముందుకు వెళ్లింది, పల్లెలు, చిన్న ఊళ్లు కూడా కలిసి గెలిపించాయి. ఏటా పెరుగుతూ 2023లో కనీస వేతనం 12 డాలర్లకు చేరింది, ఒక్క సెయింట్ లూయీలో కాదు, రాష్ట్రమంతటా.